గీకిన ఫిల్ము, ప్లాస్టర్ పలక, రంగుల ఉప్పు: పోలండ్ బొమ్మల సినిమాలపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పోలండ్ పొట్టి యానిమేషన్ సినిమాల గురించి వేసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకోళ్ళు పక్కన పెట్టి, "అసలెలా చేశారు? మేం చేస్తే ఎక్కడ తప్పుతుంది?" అని అడిగినవి ఏరాం. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే కలిపి ఒకటే వేశాం.

మా మేనమామ థియేటర్లో ఆపరేటరుగా చేశారు. ఇంట్లో అటక మీద 35 ఎం.ఎం. రీళ్ళు కొన్ని పడున్నాయి. యూలియాన్ ఆంతోనిష్ కెమెరా లేకుండా ఫిల్ము మీదే గీకి సినిమాలు తీశాడని రాశారు కదా, ఆ రీళ్ళతో నేనూ చేయొచ్చా? (వరంగల్)

చేయొచ్చు. డబ్బా మూత తియ్యగానే ముందు వాసన చూడండి. ఘాటుగా వెనిగర్ వాసన కొడితే ఆ అసిటేట్ ఫిల్ము చెడిపోతోందని అర్థం. అది కుంచించుకుపోతుంది కాబట్టి చిల్లులు ప్రొజెక్టరు పళ్ళకి అందవు, స్కాన్ చేసుకోవడానికి తప్ప పనికిరాదు. అంచున 'సేఫ్టీ' అని ఉంటే సరే. 'నైట్రేట్' అని ఉంటే ముట్టుకోకండి, ఇంట్లో ఉంచుకోకండి, అది భగ్గుమనే సరుకు. ఇంకో మాట: అది ఏ పాత తెలుగు సినిమాదో పేరు చూడండి. మన పాత సినిమాలు చాలావాటికి ప్రింట్లే మిగల్లేదు. గీకేముందు పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఒక ఉత్తరం రాస్తే పోయేదేమీ లేదు.

ఇక కొలతలు. ఒక్కో ఫ్రేముకి పక్కన నాలుగు చిల్లులు, ఎత్తు 19 మిల్లీమీటర్లు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే సుమారు 45.6 సెంటీమీటర్లు. నిమిషం సినిమాకి 27 మీటర్లకి పైనే కావాలి. రెండు ఫ్రేములకో బొమ్మ చొప్పున గీసినా నిమిషానికి 720 బొమ్మలు. చిల్లుల మధ్య చోటు 25 మిల్లీమీటర్లు, అందులో ఒక పక్క రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ శబ్దానిది. మీకు మిగిలే కాన్వాసు 22 × 16 మిల్లీమీటర్లు, పోస్టల్ స్టాంపు కంటే చిన్నది.

గీకాల్సింది మందు (బొమ్మ పడే రసాయన పొర) ఉన్న వైపు. వెలుతురుకి వంచి చూస్తే ఒక వైపు మెరుస్తుంది, ఇంకో వైపు మసకగా ఉంటుంది. మసక వైపే మందు. అనుమానమైతే తడి వేలు ఆనించండి, అంటుకునేది అదే. పూర్తిగా నల్లగా ఉన్న కలర్ ప్రింటు ముక్క దొరికితే అదృష్టం. సూదిని తేలిగ్గా లాగితే ఆకుపచ్చ గీత వస్తుంది, కొంచెం నొక్కితే పసుపు, ఇంకా నొక్కితే తెలుపు. ప్రింటు ఫిల్ములో పైపొర మెజెంటా (ముదురు గులాబీ), మధ్యది సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), అడుగున పసుపు. పైది పోతే మిగిలిన రెండూ కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. అంటే కుంచె లేకుండా చేతి బరువుతోనే మూడు రంగులు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో ఈ వైభోగం లేదు, గీకితే తెలుపే. తెలుపు వచ్చాక కూడా నొక్కుతూ పోతే అడుగు ప్లాస్టిక్కు కోసుకుని ఆ గీత దగ్గరే తెగుతుంది.

కుట్టు సూదిని పెన్ను బొడిపెలో బిగించుకుంటే చాలు. సన్నగీతలకి సూది, వెడల్పు గీతలకి బ్లేడు మూల. లేచిన పొట్టుని ప్రతి ఫ్రేముకీ మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తడికి అంటుకుపోయి పక్క ఫ్రేములో నల్లమచ్చై కూర్చుంటుంది. బొమ్మ వేసి ఉన్న ఫిల్మునే తెల్లగా చేయాలంటే బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణంలో అంతే నీళ్ళు కలిపి కొద్ది నిమిషాలు ఉంచితే మందు జారిపోతుంది. తర్వాత బాగా కడగాలి. గ్లవ్స్ వేసుకుని ఆరుబయట చేయండి. బాత్రూం యాసిడ్ దాని దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. తెల్ల ఫిల్ము మీద వాటర్ కలర్ ముత్యాల్లా గుండ్లు కడుతుంది. ఒక చుక్క అంట్ల సబ్బు కలిపితే పరుచుకుంటుంది, లేదా పారదర్శక షీట్ల మీద రాసే పాత ఓహెచ్‌పీ పెన్నులు వాడండి. దళసరి రంగు వద్దు. అది ప్రొజెక్టరు గేటులో (ఫిల్ము దీపం ముందు నుంచి దాటే ఇరుకు చోటులో) పెచ్చులూడుతుంది.

బొమ్మ వణుకుతుందని చాలామంది భయపడతారు. లెక్క చూడండి: 22 మిల్లీమీటర్ల బొమ్మ ఆరు మీటర్ల తెర మీద పడితే సుమారు 270 రెట్లు పెరుగుతుంది. మీ చేయి అర మిల్లీమీటరు కదిలితే తెర మీద అది 13 సెంటీమీటర్లు దాటుతుంది. ఆంతోనిష్ ఈ వణుకుతో పోట్లాడలేదు, దాన్నే తన శైలి చేసుకున్నాడు. అయినా ఒకే బొమ్మని వందలసార్లు వేయాల్సి వచ్చినప్పుడు సొంతంగా పాంటోగ్రాఫులు కట్టుకున్నాడు: పెద్ద బొమ్మ మీద ఒక కొన నడిపితే, ఇంకో కొన ఫిల్ము మీద చిన్నది గీస్తుంది. మీరైతే ఒక చెక్కకి చిల్లుల దూరంలో రెండు సన్న మేకులు కొట్టి, మధ్యలో గాజు పెట్టి, కింద బల్బు వెలిగించండి. ఫిల్ము జరిగినా బొమ్మ చోటు జరగదు. మిగతా వణుకు ఉండనివ్వండి, బాగుంటుంది.

ఆంతోనిష్ శబ్దం కూడా చేత్తోనే గీకేవాడట. గీత పాటెలా అవుతుంది? (తెనాలి)

పై ప్రశ్నలో చెప్పిన రెండున్నర మిల్లీమీటర్ల పట్టీయే దానికి సమాధానం. ప్రొజెక్టరులో ఆ పట్టీ గుండా సన్నటి వెలుతురు పోయి, అవతల వెలుతురుని కరెంటుగా మార్చే ఫోటోసెల్ మీద పడుతుంది. వెలుతురు ఎక్కువ తక్కువైన కొద్దీ స్పీకరు కదులుతుంది. కాబట్టి నల్ల పట్టీ మీద ఒక అడ్డగీత అంటే ఒక కంపనం.

సెకనుకి 456 మిల్లీమీటర్ల ఫిల్ము నడుస్తుంది. సంగీతకారులు శృతి చూసుకునే 440 కంపనాల స్వరం కావాలంటే గీతకీ గీతకీ మధ్య 1.04 మిల్లీమీటర్లు. దాని కింది స్థాయి 220కి 2.07. పై స్థాయి 880కి అర మిల్లీమీటరు. అక్కడితో మామూలు చేతి పని అయిపోయినట్టే. గీత పట్టీ అంతా అడ్డంగా ఉంటే శబ్దం పెద్దది, అర మిల్లీమీటరే ఉంటే చిన్నది. గీతల దూరాలు సమంగా లేకపోతే స్వరం బొంగురుపోతుంది. డప్పు దెబ్బ కావాలంటే లెక్కలేమీ అక్కర్లేదు: అయిదారు గీతలు కుప్పగా గీకి, వాటి పొడవు చప్పున తగ్గిస్తూ పోండి.

అందరూ పొరబడేది ఒక చోట. ప్రొజెక్టరులో ఫిల్ము ముందు బొమ్మ గేటు దాటి, తర్వాత శబ్దం చదివే చోటికి వస్తుంది. అందుకే ఒక ఫ్రేముకి చెందిన శబ్దాన్ని దాని పక్కన కాకుండా, రీలు మొదలు వైపు 21 ఫ్రేముల ముందు గీకాలి. అంటే 40 సెంటీమీటర్లు. పక్కనే గీకితే తలుపు మూసుకున్నాక దాదాపు సెకను ఆలస్యంగా చప్పుడు వినిపిస్తుంది.

ప్రొజెక్టరు ఎక్కడిది అంటారా, అక్కర్లేదు. ఫిల్మును 24 సెంటీమీటర్ల ముక్కలుగా పారదర్శక ఫిల్ము చదవగల స్కానరు మీద పరిచి 2400 డీపీఐతో స్కాన్ చేస్తే 22 మిల్లీమీటర్ల బొమ్మకి సుమారు 2,080 పిక్సెళ్ళ వెడల్పు వస్తుంది. శబ్దపు పట్టీని చదివి పెట్టే ఏఈవో-లైట్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. పట్టీని కత్తిరించుకునేటప్పుడు అంచు కొంచెం జరిగి చిల్లులు కూడా లోపలికొస్తే మాత్రం ఎడతెగని బుర్రుమనే మోత వస్తుంది. అది సరిగ్గా 96 కంపనాల మోత: ఫ్రేముకి 4 చిల్లులు, సెకనుకి 24 ఫ్రేములు.

ఆంతోనిష్ 1977లో 'సూర్యుడు' అనే కెమెరా లేని సినిమా తీసి, ఈ పద్ధతికి ఒక ప్రణాళిక కూడా ప్రకటించాడు. 1981 నుంచి 1986 దాకా 'పోలిష్ నాన్-కెమెరా క్రానికల్' పేరుతో 12 భాగాలు గీకాడు. అది అక్కడి సర్కారీ న్యూస్‌రీలుకి వెక్కిరింత. మన థియేటర్లలో సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వార్తలు చూసిన వయసు వాళ్ళకి ఆ వెక్కిరింత ఇట్టే తెలిసిపోతుంది.

పియోత్ర్ దుమావా ప్లాస్టర్ పలక మీద చేసిన సినిమాల్లో చీకట్లోంచి మొహాలు తేలుతున్నట్టుంటాయి. ఆ పలక ఎలా తయారవుతుంది? (రాజమహేంద్రవరం, హైదరాబాద్)

దుమావా వార్సాలో చదివింది శిల్పాల పరిరక్షణ, ఆ తర్వాత యానిమేషన్. ప్లాస్టరూ జిగురూ చేతికి అలవాటైనవే. పద్ధతి వినడానికి సులువు: ప్లాస్టర్ పలకకి జిగురు పట్టించి, ముదురు ఆయిల్ రంగు పూసి, సూదులతో గీకుతాడు. గీకిన చోట తెల్ల ప్లాస్టర్ వెలుతురులా బయటపడుతుంది. ఒక ఫ్రేము తీస్తాడు. కదలాల్సిన భాగం మీద మళ్ళీ రంగు పూసి, కొంచెం జరిపి గీకుతాడు. ఇంకో ఫ్రేము. 'వగొద్నా' (1985), 'ఫ్రాంజ్ కాఫ్కా' (1992), 'నేరము–శిక్ష' (2000) ఇలా చేసినవే. ప్రతి బొమ్మా ముందు బొమ్మని చెరిపేసి పుడుతుంది కాబట్టి వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం కుదరదు.

మీరు ప్రయత్నించడానికి 30 × 40 సెంటీమీటర్ల పలక, రెండు సెంటీమీటర్ల మందం చాలు. దానికి 2.2 కిలోల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, లీటరున్నర నీళ్ళు. నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్‌లో నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే ఉండలు కడుతుంది. చల్లి ఒక నిమిషం నాననిచ్చి, నెమ్మదిగా, గాలి చొరకుండా కలపండి. జోరుగా గిలక్కొడితే లోపల బుడగలుంటాయి. సినిమా మధ్యలో సూది వాటిలో దిగబడి, కథానాయకుడి చెంప మీద గుంట పడుతుంది. గాజు మీద నూనె చేయి రాసి, చుట్టూ చెక్క అంచు పెట్టి పోయండి. గాజుని ఆనుకున్న వైపే నునుపు, దాని మీదే పని.

గట్టిపడటానికి అరగంట చాలు. ఆరడానికి మాత్రం వారం పట్టొచ్చు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తొందరపడి పొయ్యి దగ్గర పెడితే ప్లాస్టర్ పిండిలా రాలిపోతుంది. 45 డిగ్రీలు దాటనివ్వకండి.

చాలామంది వదిలేసేది జిగురు పూత. జిగురు పట్టని ప్లాస్టర్ స్పాంజిలాంటిది. నేరుగా ఆయిల్ రంగు పూస్తే నూనె తాగేస్తుంది, రంగు లోపలిదాకా దిగి ఎంత గీకినా బూడిద రంగే వస్తుంది తప్ప తెలుపు రాదు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు గుళికలు 60 గ్రాములు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, నీళ్ళ గిన్నెలో పెట్టి వేడి చేసి, మరగనివ్వకుండా రెండు పూతలు వేయండి. మరిగితే జిగురు పట్టు పోతుంది. ఆరాక గోధుమ-నలుపు ఆయిల్ రంగు పల్చగా పూసి, గుడ్డతో అద్ది తీయండి. మందంగా పూస్తే సూది వెనకాల రంగు గట్టులా లేస్తుంది.

ఇంకో చిక్కు మెరుపు. కొత్తగా పూసిన చోట తడి ఆయిల్ లైటుకి తళుక్కుమంటుంది, పాతచోట మెరవదు. సినిమాలో అది మిణుకుమిణుకుమని కనిపించి ప్రాణం తీస్తుంది. రెండు లైట్లకీ పోలరైజింగ్ షీటు, లెన్సుకి పోలరైజింగ్ ఫిల్టరు పెట్టి, ఫిల్టరుని మెరుపు పూర్తిగా పోయేదాకా తిప్పండి. లైట్లు రెండు వైపుల నుంచీ 45 డిగ్రీల్లో ఉంటే చదునుగా కనిపిస్తుంది. ఒక వైపు లైటు బాగా కిందికి దించితే గీతల లోతుకి నీడ పడి పలక చెక్కిన రాయిలా ఉంటుంది. ఏది కావాలో మొదటి రోజే తేల్చుకోండి, మధ్యలో మార్చడానికి లేదు.

సంక్రాంతి ముగ్గుల పొడితో యానిమేషన్ చేస్తే ఎలా ఉంటుంది? పోలండ్‌లో ఉప్పుతో చేసేవారట. (కాకినాడ)

చేసినవారు అలెక్సాంద్రా కొరెయ్‌వో. రంగుల ఉప్పుని నల్లటి ఉపరితలం మీద పరిచి, పక్షి ఈకతో జరుపుతూ ఫ్రేము ఫ్రేముగా తీశారు. 1996 నాటి 'కార్మెన్ టొరెరో' అలాంటిదే.

ముగ్గుపొడి గురించి సూటిగా చెప్పాలంటే, మొదటి ఫ్రేముకి బ్రహ్మాండం, పదో ఫ్రేముకి మసి. ముగ్గు ఒకసారి పెట్టి వదిలేయడానికి. యానిమేషన్‌లో అదే పొడిని సెకనుకి 12 సార్లు జరపాలి. మెత్తటి పొడి జరిపిన ప్రతిసారీ వెనక తెల్లటి చార వదులుతుంది, ఈకకీ అంటుకుంటుంది. ఉప్పు రవ్వలు మాత్రం దొర్లుతాయి, చార ఉండదు. పైగా వెలుతురు వాటిలోంచి పోతుంది కాబట్టి రంగు వెలిగినట్టుంటుంది. ముగ్గే కావాలంటే సన్నది పక్కన పెట్టి, రవ్వలా ఉండే రాతిముగ్గుని టీ జల్లెడతో జల్లించి, పైన మిగిలింది వాడండి.

ఉప్పుకి రంగు నీళ్ళతో పట్టిస్తే కరిగి గడ్డకడుతుంది. స్పిరిట్లో ఉప్పు దాదాపు కరగదు. కాబట్టి స్పిరిట్లో కరిగే రంగు తీసుకుని, వంద గ్రాముల ఉప్పుకి ఒక టీస్పూను చొప్పున కలిపి, పళ్ళెంలో ఆరబెట్టి, జల్లించండి. పొయ్యి దగ్గర మాత్రం కలపకండి.

కాకినాడ వాళ్ళకి అసలు శత్రువు గాలి. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. సముద్రం ఒడ్డున అది ఏడాదిలో చాలా రోజుల మాటే. ఉప్పుని మూకుట్లో వెచ్చబెట్టి గాలి చొరని డబ్బాలో ఉంచండి. పని చేసే నల్ల పలక కింద 40 వాట్ల మామూలు బల్బు వెలుగుతుంటే పలక గోరువెచ్చగా ఉండి పొడి పొడిగా జరుగుతుంది. ఫ్యాను ఆపాలి. తుమ్ము వస్తే లేచి బయటికి పరిగెత్తాలి. ఇది వేళాకోళం కాదు, మూడు గంటల పని ఒక్క తుమ్ముతో పోతుంది.

విటోల్ద్ గియెర్ష్ 'గుర్రం'లో ఆయిల్ రంగు ఆరిపోకుండా ఎలా ఆపారు? (అనంతపురం)

గియెర్ష్ అంతకుముందే 'మావీ వెస్టర్న్' (1960), 'ఎరుపు, నలుపు' (1963)లో అవుట్‌లైను గీతని వదిలేసి రంగు మచ్చనే పాత్రగా నడిపారు. 1967 నాటి 'గుర్రం'లో దళసరి ఆయిల్ రంగు గుర్తులే గుర్రం ఒళ్ళుగా కదులుతాయి. మీరు గాజు మీద చేయాలనుకుంటే, ఆయిల్ రంగులో రెండు మూడు చుక్కలు లవంగ నూనె కలపండి, ఆరడం రోజుల తరబడి వాయిదా పడుతుంది. ఆరు చుక్కలు వేస్తే మాత్రం రంగు జారుతుంది. పోస్టర్ కలర్ అయితే గ్లిజరిన్. గాజు కింద వేడెక్కే బల్బు పెట్టకండి, అనంతపురం ఎండకి అదొకటా.

తెమెర్సన్ దంపతుల 'ఆప్తెకా' చూద్దామంటే ఎక్కడా దొరకడం లేదు. (చెన్నై)

దొరకదు. ఫ్రాంచిష్కా, స్తెఫాన్ తెమెర్సన్ 1930లో తీసిన ఆ సినిమా యుద్ధంలో పోయింది. వారి 'యూరోపా' కూడా పోయిందనే అనుకున్నారు గానీ, 2019లో బెర్లిన్‌లోని జర్మన్ ఆర్కైవ్‌లో బయటపడింది. 1937 నాటి 'మంచి మనిషి సాహసం' అప్పటి నుంచీ ఉంది.

పద్ధతి మాత్రం ఈ రాత్రే చేసి చూడొచ్చు. రెండు కుర్చీల మధ్య గాజు పలక, దాని మీద ట్రేసింగ్ పేపరు, పేపరు మీద వస్తువులు. కెమెరా కింద నుంచి పైకి చూస్తుంది. వస్తువు కదలదు, పైనున్న దీపాన్ని ఫ్రేముకి ఒక సెంటీమీటరు చొప్పున జరపాలి. కాగితాన్ని ఆనుకున్న భాగం నీడ పదునుగా, లేచి ఉన్న భాగం నీడ మసగ్గా పడి సాగుతుంది. అందుకే ఆకు, గరిటె, మందుసీసా లాంటి ఎత్తుపల్లాలున్నవి ఎంచుకోండి. ట్యూబ్‌లైటు పనికిరాదు, నీడ కరిగిపోతుంది. చిన్న బల్బే కావాలి. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పకపోతే గాజు అడుగున మీ కెమెరా ప్రతిబింబమే తెర మీదికొస్తుంది.

'టాంగో'లో 36 మంది ఒకే గదిలో ఒకరినొకరు తగలకుండా తిరుగుతారు. కంప్యూటరు లేకుండా ఎలా? (డాలస్, విశాఖపట్నం)

జ్బిగ్నియెవ్ రిబ్‌చిన్‌స్కీ వూచ్ నగరంలోని సె-మా-ఫోర్ స్టూడియోలో 1980లో తీసిన సినిమా ఇది. 1983లో ఆస్కార్ అందుకుంది. గది ఖాళీగా ఒకసారి, మనుషుల్ని విడివిడిగా తీశారు. తర్వాత ప్రతి ఫ్రేముకీ, మనిషి ఉన్నంత మేర నల్లగా ఉండే సెల్లులాయిడ్ ముసుగు చేత్తో గీశారు. ఆప్టికల్ ప్రింటరు (ఒక ఫిల్ము మీది బొమ్మని ఇంకో ఫిల్ము మీదికి తీసే యంత్రం) మీద ముందు మనిషి చోటు వదిలి గదిని, తర్వాత గదిని మూసి మనిషిని, అదే నెగటివ్ మీద మళ్ళీ మళ్ళీ అచ్చు వేశారు.

ఆయన చెప్పిన లెక్క ప్రకారం 16,000 ముసుగులు, కొన్ని లక్షల ఎక్స్‌పోజర్లు, రోజుకి 16 గంటల చొప్పున ఏడు నెలలు. నమ్మశక్యం కాకపోతే మీరే లెక్కేయండి: సుమారు 8 నిమిషాలంటే 11,520 ఫ్రేములు. అన్నింట్లో 36 మందీ ఉంటే నాలుగు లక్షల పైచిలుకు. మొదట బంతి కోసం కిటికీ దూకే పిల్లాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి అంతకంటే తక్కువే.

ముసుగు ఒక వెంట్రుకంత పెద్దదైతే మనిషి చుట్టూ నల్లగీత. చిన్నదైతే వెనకున్న మంచం అతని ఒంట్లోంచి కనిపిస్తుంది. ఇద్దరు ఒకరి ముందొకరు నడిస్తే వెనకాయన ముసుగులోంచి ముందాయన ఆకారం కూడా కోసేయాలి. చేయి లెక్క ఒక్క ఫ్రేము తప్పినా ఆ మనిషి ఎవరినో ఒకరిని దూసుకుపోతాడు. సినిమా నెమ్మదిగా చూస్తే అంచులు అక్కడక్కడ వణకడం కనిపిస్తుంది. మా మటుకు అవే ఇష్టం.

ఇంత ఓపికకి డబ్బెవరిచ్చారని విశాఖ పాఠకురాలు అడిగారు. ప్రభుత్వం. బియెల్స్కో, వూచ్, వార్సా, క్రాకోవ్‌లలోని స్టూడియోలన్నీ సర్కారువే. ఏడు నెలలు ఎనిమిది నిమిషాల మీద కూర్చున్నా జీతం ఆగదు. బదులుగా సెన్సారు ఉండేది.

ఫోన్‌తో తీస్తే బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది. ఫోన్ మార్చాలా? (నిజామాబాద్)

అక్కర్లేదు. ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. షట్టరు 1/50 లేదా 1/25 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు మిణుకు సర్దుకుంటుంది. బటన్‌ని వేలితో నొక్కకుండా ఇయర్‌ఫోన్ వాల్యూమ్ మీటతో క్లిక్ చేస్తే ఫోన్ కదలదు. ఇన్నీ చేశాక కూడా వెలుగు మారుతోందంటే మీ చొక్కా చూసుకోండి. తెల్ల చొక్కా వేసుకుని ప్రతి ఫ్రేముకీ వేరే చోట నిలబడితే దాని వెలుతురు పలక మీద పడుతూనే ఉంటుంది. నల్లది వేసుకుని, నేల మీద చాక్‌పీసుతో పాదాల గుర్తు గీసుకుని, ప్రతి క్లిక్కుకీ అక్కడికే వచ్చి నిలబడండి.